యార్డు పక్క ఇళ్ళు

మా ఇంటి గుమ్మం ముందు మురిక్కాలువ మీద ఒక ఇనపరేకు వేసి ఉంటుంది. స్కూటరు లోపలికి ఎక్కించడానికి వేసింది. నిండా గుండ్రటి చిల్లులు. ఒక అంచున కొక్కేలు, రెండో అంచున ఆ కొక్కేలు దూరే గాళ్ళు. మా నాన్న గోల్‌బజార్లో పాత ఇనపసామాన్ల వాడి దగ్గర తూకానికి కొన్నాడు. మా దగ్గరున్నది కోసిన సగం ముక్క. పూర్తి రేకైతే పదడుగుల పొడవు, పదిహేనంగుళాల వెడల్పు, 66 పౌన్ల బరువు, 87 చిల్లులు ఉంటాయి. నేను ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు ఫిట్టరు పని చేసి దిగినవాణ్ణి. ఇనప ముక్క కనబడితే ఇది ఏ పనికి పుట్టిందీ అని చూడకుండా ఉండలేను. బరువు తగ్గాలని చిల్లులు పొడిచారు, రేకు వంగకుండా చిల్లు అంచుల్ని కిందికి ఒత్తారు. ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే బురదనేల మీదయినా విమానం దించొచ్చు. 1941లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, మార్స్టన్ అనే ఊరి దగ్గర మొదటిసారి పరిచి చూశారట. అందుకని దానికి మార్స్టన్ చాప అని పేరు.

అలాంటి రేకులు యుద్ధం అయిపోయాక బెంగాల్లో చాలా చోట్ల కంచెలయ్యాయి, గేట్లయ్యాయి, మేకల దొడ్లకు తడికలయ్యాయి. మాది తాల్‌బగీచాలో కాలువ మీది వంతెన అయింది.

తాల్‌బగీచా అంటే తాటితోట. పేరుకే. ఇప్పుడు తాటిచెట్టు కోసం వెతుక్కోవాలి. దేశం ముక్కలయ్యాక తూర్పు బెంగాలు నుంచి వచ్చినవాళ్ళూ, క్వార్టరు ఖాళీ చేసి పింఛను డబ్బుతో గోడ లేపుకున్న మాలాంటి రైల్వేవాళ్ళూ కలిసి కట్టుకున్న పేట ఇది. మా తాతది పలాస దగ్గర పల్లె. బెంగాల్ నాగపూర్ రైల్వే, అదే బీఎన్నార్, 1902లో కటకం నుంచి విజయనగరం వైపు లైను తన చేతుల్లోకి తీసుకుంది. అప్పట్నుంచి మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళకు రెండే దారులు. ఓడెక్కితే రంగం, రైలెక్కితే ఖర్గపూరు. రంగం అంటే రంగూనే. మా ఇంట్లో తాత రైలెక్కాడు, నాయనమ్మ తమ్ముడు ఓడెక్కాడు. తాత లోకో షాపులో బాయిలరు పనికి ఖలాసీగా కుదిరి, నింపురా యార్డు పక్కన లైను క్వార్టర్లో కాపురం పెట్టాడు. వి.వి. గిరి గారు మన బరంపురం మనిషే కదా, 1928లో బీఎన్నార్ కార్మికుల సమ్మె నడిపించారు. తాత ఆ సమ్మెలో ఉన్నాననే చెప్పుకునేవాడు. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళే అయింది. ఎంత ఉన్నాడో ఏమో గానీ, ఆ మాట చెప్పినప్పుడల్లా నిటారుగా కూర్చునేవాడు.

ఇక అసలు సంగతి. అమెరికా సైన్యం ఏయే దేశాల్లో వేలు పెట్టిందో చెప్పే జాబితాలు మీరూ చూసే ఉంటారు. 1898లో క్యూబా, ఫిలిప్పీన్స్. 1915 నుంచి 1934 దాకా హైతీ. 1912లో మొదలెట్టి మధ్యలో కొన్నాళ్ళు తప్ప 1933 దాకా నికరాగువా. తర్వాత కొరియా, వియత్నాం, గ్రెనడా, పనామా, ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్. నేనూ చదువుతాను. చదివిన ప్రతిసారీ ఒక లోటు కనబడుతుంది. ఎవరి మీద బాంబు పడిందో ఆ దేశం పేరుంటుంది. విమానం ఏ ఊరి పొలాల మీంచి లేచిందో ఆ ఊరి పేరుండదు. బాంబు పడే ఊళ్ళోనూ, విమానం లేచే ఊళ్ళోనూ కూడా ముందు వాళ్ళు చూసుకునేది రైలు లైనే. ఈ సంగతి రైలు మనిషికి తెలిసినట్టు సేనాపతికి తెలియదు. తెలిసినా వాడి లెక్కలో అది లైనే, లైను పక్కన ఉన్న ఇల్లు కాదు.

1942తో మొదలుపెడతాను. ఆ ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో హార్బరూ పవర్‌హౌసూ గురి. ఊరు ఊరంతా సామాన్లు కట్టుకుని పల్లెలకు పారిపోయింది. వాల్తేరు నుంచి వచ్చే ప్రతి బండిలో ఆ కబుర్లే దిగేవి. ఆ రోజు నుంచి తాతకి జపానువాడంటే పళ్ళు కొరుకుడే. అక్టోబరు 16న మిడ్నపూర్ జిల్లా మీద తుఫాను విరుచుకుపడింది. అప్పటికే క్విట్ ఇండియాలో జిల్లా భగ్గుమంటోంది. సెప్టెంబరు 29న తమ్లుక్‌లో జెండా పట్టుకుని నడిచిన ముసలమ్మ మాతంగినీ హజ్రాను పోలీసులు కాల్చి చంపారు. డిసెంబరులో తమ్లుక్‌వాళ్ళు తామే ప్రభుత్వమని ప్రకటించుకున్నారు. మరుసటి ఏడు కరువు. బెంగాల్లో ముప్పై లక్షల మంది దాకా పోయారంటారు. రైల్వేవాళ్ళకు గ్రెయిన్ షాపు ఉండేది, తక్కువ ధరకి బియ్యం ఇచ్చేవారు. మా వాళ్ళు బతికింది దానివల్ల. నాయనమ్మ గంజి వార్చే వేళకి గుమ్మంలో గిన్నెలు పట్టుకుని మనుషులు నిలబడేవారట. అన్నం అడిగేవారు కాదు, గంజే అడిగేవారు. ఆవిడ మటుకు ఈ ఒక్కటీ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. సగంలో లేచి వెళ్ళిపోయేది.

ఆ కరువు తడి ఆరకముందే, 1944 మార్చి చివర, అమెరికావాళ్ళు దిగారు.

వాళ్ళ దళం పేరు ట్వంటీయత్ బాంబర్ కమాండ్. కేన్సస్ రాష్ట్రం సాలినాలో 1943 నవంబరులో పుట్టింది. దాన్ని నడిపించినవాడు బ్రిగేడియర్ జనరల్ కెన్నెత్ వుల్ఫ్. మన చుట్టూ ఉన్న స్థావరాలు చూడండి: సలువా, కలైకుండా, దూధ్‌కుండీ, చాకులియా, పియార్‌డోబా. టాటానగర్ లైన్లో, బాఁకుడా లైన్లో టిక్కెట్టు తీసుకున్నవాడికి వీటిలో సగం స్టేషన్ పేర్లే. ఇక్కడే ఎందుకు పెట్టారంటే, కలకత్తా రేవులో దిగిన బాంబూ పెట్రోలూ బీఎన్నార్ పట్టాల మీద నేరుగా ఇక్కడికి చేరతాయి. కూలీలు దొరుకుతారు. కరువులో కూలీలకు కొదవేముంది?

వాళ్ళు తెచ్చిన విమానం బి-29. మొదటిది ఏప్రిల్ 2న చాకులియాలో దిగింది. రెక్క కొన నుంచి కొనకి 141 అడుగులు, నాలుగు ఇంజన్లు, పదకొండుమంది సిబ్బంది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద బాంబరు ఇంకోటి యుద్ధంలో లేదు. నాన్నకి అప్పుడు పద్నాలుగేళ్ళు. సైకిలు మీద సలువా వైపు పోయి కంచె అవతల నిలబడి చూసేవాడట. రేకు మీద రంగు వేయని వెండి విమానం, ఎండలో కళ్ళు చెదిరేవని చెప్పేవాడు. నాకైతే దాని మీద కన్నా దాని ఇంజను మీద ధ్యాస. రైట్ కంపెనీ చేసింది, రెండు వరసల్లో పద్దెనిమిది సిలిండర్లు, 2,200 గుర్రాల బలం. కాగితం మీద గొప్ప ఇంజను. పరీక్షలు పూర్తికాకుండానే యుద్ధానికి తోలేశారు. వెనక వరస సిలిండర్లకు గాలీ నూనే సరిగ్గా అందేవి కావు. వాల్వులు కాలిపోయేవి, తలలు ఊడి సిలిండర్లో పడేవి. క్రాంక్‌కేసులో మెగ్నీషియం కలిసి ఉండేది. ఒకసారి అంటుకుంటే ఆర్పడం బ్రహ్మతరం కాదు. దారిలోనే, కైరోకీ కరాచీకీ మధ్య, అయిదు విమానాలు పాడైతే మిగతావాటిని కొన్నాళ్ళు నేల మీదే ఆపేశారు. ఇక్కడికొచ్చాక మన ఏప్రిల్ మే ఎండ. మిట్టమధ్యాహ్నం రెక్క మీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కేది కాబట్టి మెకానిక్కులు తెల్లవారుజామునా, పొద్దువాలాకా పని చేసేవారు. ఈ ఒక్క విషయంలో నాకు వాళ్ళంటే ఎక్కడో చుట్టరికం. మే నెలలో మా షాపు రేకుల షెడ్డు కింద స్పానరు పట్టుకున్నవాడికే తెలుస్తుంది అది.

వాళ్ళ ఎత్తు ఏమిటంటే ఇక్కణ్ణుంచి హిమాలయాల మీదుగా చైనాలో చెంగ్డు చేరి, అక్కడ పెట్రోలు పోసుకుని జపాను మీద బాంబులు వేసి రావాలి. చెంగ్డులో పెట్రోలు ఎక్కడుంది? ఇదే విమానాలు ఇక్కణ్ణుంచి మోసుకుపోవాలి. ఒక విమానం ఒక్కసారి జపాను వెళ్ళిరావడానికి ముందు ఆరుసార్లు దాకా కొండలు దాటి పెట్రోలు దింపి రావాలి. ఇది బొగ్గు మోసుకుపోవడానికే బొగ్గంతా కాల్చేసే ఇంజనన్నమాట. మా షాపులో ఇలాంటి పథకం ఎవడైనా తెస్తే ఫోర్‌మన్ టీ తాగించి పంపేసేవాడు.

జపాను దాకా వెళ్ళేముందు ఒక చిన్న కసరత్తు చేశారు. 1944 జూన్ 5. లేచినవి 98 విమానాలు. గురి బ్యాంకాక్‌లోని మక్కాసన్ రైల్వే వర్క్‌షాపు.

ఈ పేరు నాకు నలభయ్యేళ్ళు దాటాక తెలిసింది, ఒక పాత పత్రికలో. అప్పటిదాకా ఇంట్లో చెప్పుకున్నదల్లా 'జపానోడి మీదకెళ్ళాయి' అనే. ఆ పేరా రెండుసార్లు చదివాను. మక్కాసన్ అంటే సయాము రైల్వేకి మా ఖరగ్‌పూర్ లాంటిది. ఇంజన్లు విప్పేదీ బిగించేదీ అక్కడే. అప్పటికి థాయ్‌లాండు జపానుతో కలిసి ఉంది. బర్మాలో ఉన్న జపాను సైన్యానికి సరుకు ఆ పట్టాల మీదే పోతోంది. సరే, యుద్ధంలో న్యాయం అదే. కానీ 98 విమానాల్లో 77 మాత్రమే బాంబులు వదిలాయి. గురి పెట్టిన చోట పడ్డ బాంబులు ఇరవై కూడా లేవు. మిగతావి పడ్డాయి కదా, ఎక్కడో ఒక చోట. వర్క్‌షాపు పక్కన ఏముంటుందో నన్నడగండి. మొదట గేటు, గేటు ముందు టీ కొట్టు, సైకిళ్ళ స్టాండు, ఆ వెనక లైను క్వార్టర్లు. క్వార్టర్ల మధ్య చేతిపంపు, చేతిపంపు దగ్గర బిందెలు. బ్యాంకాక్‌లో చేతిపంపు ఉందో లేదో. మనుషులు మటుకు అలాంటివాళ్ళే ఉంటారు. పొద్దున ఈ ఊరి మీదుగా లేచిన చప్పుడుకి మా తాత షాపులో సుత్తి దించి పైకి చూశాడు. అది వెళ్ళింది తన పనే చేసే ఇంకొకడి సుత్తి మీదకి. ఆయనకి ఆ సంగతి చచ్చేదాకా తెలియదు. నేను చెప్పేనాటికి ఆయన లేడు.

మర్నాడు నార్మండీలో సైన్యాలు దిగాయి కాబట్టి బ్యాంకాక్ వార్త ఎవరికీ పట్టలేదు. జూన్ 15 రాత్రి చెంగ్డు నుంచి జపాను యవాటా ఉక్కు కర్మాగారం మీదకి వెళ్ళారు. కర్మాగారంలో తగిలింది ఒక్కటంటే ఒక్క బాంబు, అదీ పవర్‌హౌసు మీద. అయినా అమెరికా పత్రికల్లో ఊరేగింపే. 1942 తర్వాత జపాను ప్రధాన దీవుల మీద పడ్డ మొదటి బాంబులు మరి.

వీళ్ళ హెడ్డాఫీసు ఎక్కడ పెట్టారో చెప్పాలి. మా ఇంటికి సైకిలు దూరంలోనే హిజ్లీ. 1930లో తెల్లవాళ్ళు అక్కడ రాజకీయ ఖైదీల జైలు తెరిచారు. 1931 సెప్టెంబరు 16న లోపలున్న నిరాయుధుల మీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దర్ని చంపారు. శవాల్ని తీసుకెళ్ళడానికి సుభాష్‌బాబు వచ్చారు. 1942లో జైలు ఖాళీ అయింది. ఆ భవనంలోనే బాంబర్ కమాండ్ బల్లలు వేసుకుంది. 1951 ఆగస్టు 18న అదే చోట ఐఐటీని మౌలానా ఆజాద్ ప్రారంభించారు. ఇరవయ్యొక్క ఏళ్ళలో ఒకే గోడలు జైలూ, యుద్ధ కార్యాలయమూ, కాలేజీ అయ్యాయి. ఇప్పుడు అక్కడ విజ్ఞాన ప్రదర్శనశాల ఉంది. మా మనవణ్ణి తీసుకెళితే బయటున్న రైలింజను ఎక్కుతానని ఏడ్చాడు. మా రక్తం.

1944 ఆగస్టు 29న ఆ భవనంలోకి కొత్త దొర వచ్చాడు. పేరు కర్టిస్ లిమే. ఈయన రాకతో లెక్కలు మారాయి. సైన్యం లెక్కల విభాగంలో ఇంకొకాయన కూడా ఈ దళం కోసం పని చేశాడు. ఏ విమానం ఎన్ని గంటలు ఎగిరింది, ఎంత పెట్రోలు తాగింది, ఎంత దింపింది, కొండల మీదుగా పెట్రోలు మోసే ట్రిప్పుల పట్టిక ఎలా ఉండాలి, అన్నీ ఆయన కూర్చి పెట్టినవి. పేరు రాబర్ట్ మెక్‌నమారా. తర్వాత వియత్నాం యుద్ధం నడిపించిన రక్షణమంత్రి ఆయనే. లిమే డిసెంబరు 18న చైనాలో హాంకౌ మీద నిప్పుబాంబులు కురిపించాడు. ఎనభైకి పైగా బి-29లు వెళ్ళాయి. రేవు పేటలు మూడు రోజులు కాలాయంటారు. జనవరిలో ఆయన పసిఫిక్‌లోని గువామ్‌కి బదిలీ అయ్యాడు. 1945 మార్చి 9 రాత్రి తోక్యోని అదే పద్ధతిలో కాల్చాడు. ఒక్క రాత్రిలో లక్ష మంది దాకా. ఆ పాఠం దిద్దుకున్న పలక మటుకు మన హిజ్లీదే.

వసంతంలో ఇక్కడి విమానాలన్నీ టినియన్ దీవికి వెళ్ళిపోయాయి. పది నెలల్లో ఈ దళం చేసిన దాడులు 49. వేసిన బాంబుల్లో జపాను నేల మీద పడ్డవి ఎనిమిది వందల టన్నులే. మిగతా పదివేల టన్నులకు పైగా సింగపూరు, బ్యాంకాక్, రంగూన్, ఫార్మోసా, మంచూరియా, చైనా ఊళ్ళ మీద పడ్డాయి. అంటే జపాను పట్టుకున్న ఊళ్ళ మీద.

దీన్ని జోక్యం అనొచ్చా? నా ఉద్దేశంలో పూర్తిగా అనకూడదు. జపాను మొదలెట్టిన యుద్ధం, విశాఖ మీద కూడా బాంబు వేసిన జపాను. అమెరికావాడికి ఇక్కడ చోటిచ్చింది ఇంగ్లీషువాడు. మనల్ని అడగలేదు, నిజమే. ఇంగ్లీషువాడు దేనికి అడిగాడు గనక? ఈ మాట అంటే మా యూనియన్ మిత్రులు కొందరికి కోపం వస్తుంది. వాళ్ళకి అన్ని బాంబులూ ఒకే ఖాతా. నాకు ఖాతాలు వేరు. కానీ నేర్చుకున్న అలవాటు ఒకటే. ఇక్కడ నేర్చారు, తర్వాత అవసరం ఉన్నా లేకపోయినా అదే చేశారు. 1950 జులై 16న కొరియాలో నలభైకి పైగా బి-29లు వెళ్ళి కొట్టినది ఏమిటి? సియోల్ రైల్వే యార్డు. 1972 డిసెంబరులో హానోయ్ మీద బి-52లు పదకొండు రాత్రులు కురిశాయి. గురుల పట్టికలో యెన్ వియెన్ యార్డు, గియా లామ్ రైల్వే వర్క్‌షాపు. డిసెంబరు 26న హానోయ్ స్టేషను దగ్గర ఖామ్ థియెన్ అనే వీధి నేలమట్టమైంది. మూడు వందల మంది దాకా పోయారు. 1999 ఏప్రిల్ 12న సెర్బియాలో వంతెన మీద పోతున్న పాసింజరు బండికే క్షిపణి తగిలింది.

ఇంకో తమాషా. హానోయ్ మీదకి వెళ్ళిన బి-52ల్లో చాలా వాటి స్థావరం ఉ-తపావ్. అది థాయ్‌లాండులో ఉంది. 1944లో మా ఊరి విమానాలు బాంబులు వేసిన దేశమే, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి మా ఊరి పాత్రలోకి వచ్చింది.

నా చిన్నతనం ఆ రోజుల్లోనే. 1965 సెప్టెంబరు 7, నాకు తొమ్మిదేళ్ళు. ఢాకా నుంచి పాకిస్తాను సేబర్ జెట్లు వచ్చి కలైకుండాలో నేల మీదున్న మన కాన్‌బెర్రాలను తగలబెట్టాయి. రెండోసారి వచ్చినప్పుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్ఫ్రెడ్ కుక్ తన హంటరుతో వాటి వెంటపడ్డాడు. చెట్ల ఎత్తున తరుముకుంటూ ఐఐటీ మీదుగా పోరాటం. హాస్టలు మేడల మీంచి పిల్లలు చూశారు. నేను మంచం కిందున్నాను కాబట్టి చప్పుడే చూశాను. ఆ సేబర్లు అమెరికావి, స్నేహంగా పాకిస్తానుకి ఇచ్చినవి. కాలుతున్న మైదానం యుద్ధకాలంలో అమెరికా బాంబర్ల కోసం సిద్ధమైనది. తాత ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, "ఆడు కట్టిందాన్ని ఆడి ఇమానవే కాల్చిపోనాది. మనకేటి తెలుస్తాది ఈ లెక్క!" అన్నాడు.

1968 నవంబరులో మెక్‌నమారా మళ్ళీ బెంగాలు వచ్చాడు, ఈసారి ప్రపంచబ్యాంకు అధ్యక్షుడిగా. కలకత్తాలో ఎంత గొడవ జరిగిందంటే ఆయన విమానాశ్రయం నుంచి రోడ్డు మీద రాలేక హెలికాప్టరు ఎక్కాల్సి వచ్చింది. నీ పేరూ నా పేరూ వియత్నామేనని బెంగాలీ కుర్రాళ్ళు గోడల నిండా రాసేవాళ్ళు. ఆ ఏళ్ళలోనే అమెరికా కాన్సులేటు ఉన్న హారింగ్టన్ వీధికి హోచిమిన్ పేరు పెట్టారు. ఇటు మా తాత పుట్టిన శ్రీకాకుళంలోనూ, అటు మా పక్కనున్న డెబ్రా, గోపీవల్లభ్‌పూర్‌లలోనూ తుపాకులు లేచిన కాలం. నేనూ ఒక రాత్రి సున్నం డబ్బా పట్టుకుని పోయాను. గోడ మీద రాసింది నేను కాదు, డబ్బా పట్టుకున్నానంతే. కానీ ఇన్ని నినాదాలు రాసినవాళ్ళలో ఒక్కరికీ, ఆ మెక్‌నమారా ఇదే జిల్లాలో దిగిన విమానాల మీద లెక్కలు కట్టాడని తెలిసినట్టు లేదు. తెలిస్తే గోడకి ఇంకో వరస ఎక్కేది.

కలైకుండాకి అమెరికా విమానాలు మళ్ళీ వస్తూనే ఉన్నాయి. 2005 నవంబరులో కోప్ ఇండియా అని మన వైమానికదళంతో కలిసి విన్యాసాలు. గేటు బయట ఎర్రజెండాల వాళ్ళు ధర్నా చేశారు, మా షాపువాళ్ళూ వెళ్ళారు. 2018లో మళ్ళీ. 2023 ఏప్రిల్‌లో మళ్ళీ, ఈసారి బి-1 బాంబర్లు కూడా. ఆ ఏడు ధర్నా లేదు. ఇంటి మీద చప్పుడైతే మా మనవడు ఫోన్లో చూసి ఏ రకమో చెప్పాడు. సలువాలో ఇప్పుడు ఈస్టర్న్ ఫ్రంటియర్ రైఫిల్స్ గూర్ఖాలున్నారు. దూధ్‌కుండీలో మన వైమానికదళం బాంబులు గురిచూసే అభ్యాసం చేస్తుంది.

రంగం తాత సంగతి ఒకటి మిగిలింది. నాయనమ్మ తమ్ముడు. 1941 డిసెంబరు 23న జపాను రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు రేవులోని మన కూలీలు ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తారు. 1942లో లక్షలమంది అడవుల్లోంచి నడిచి వచ్చారు, దారిలో ఎందరో పోయారు. ఈయన రాలేదు. పోయాడనే అనుకున్నారు. 1946లో ఒకరోజు నింపురా క్వార్టరు గుమ్మంలో నిలబడి "అక్కా" అన్నాడట. నాయనమ్మ చేతిలో చేట కింద పడేసింది.

రంగూన్‌లో మలగోన్ అని రైల్వే యార్డు ఉంది. ఆయన ఆ యార్డులోనే బొగ్గు దింపే కూలీ. 1944 నవంబరు 3న నలభై తొమ్మిది బి-29లు ఆ యార్డు మీదకి వెళ్ళాయి. ఈ అంకె నేను తర్వాత చదివింది. ఆయనకి అంకెలు లేవు. యార్డు పక్క లైన్లో తన ఇల్లు పోయిందనీ, తను పొలాల్లో పడుకుని ఉన్నాడనీ చెప్పాడు. డిసెంబరులో ఇంకోసారి వచ్చాయనీ, ఆ రోజు బాంబులు గాలిలోనే ఒకదానికొకటి తగిలి విమానాలే పేలిపోయాయనీ చెప్పాడు. అది డిసెంబరు 14. చాకులియా నుంచి బ్యాంకాక్ వంతెన మీదకని బయల్దేరి, మబ్బు పట్టి రంగూన్ రైల్వేస్టేషను మీదకి తిరిగిన దళం. నాలుగు విమానాలు పోయాయి. గొడుగులతో దూకి బతికినవాళ్ళని జపాను సైనికులు రంగూన్ జైల్లో పెట్టారు.

ఆ రాత్రి తాత, రంగం తాత నులకమంచం మీద ఎదురెదురుగా కూర్చుని లెక్క వేసుకున్నారట. ఇక్కణ్ణుంచి రంగూన్‌కి ఏడు వందల మైళ్ళు. తాత పొద్దున డ్యూటీకి పోతూ నెత్తి మీద చప్పుడు విన్న రోజులు. మూడు నాలుగు గంటలకి ఆయన పొలంలో బోర్లా పడుకున్న రోజులు.

"అయితే నువ్వు సూసినవీ, నా మీదకొచ్చినవీ ఇవేనేటి బావా?" అన్నాడట రంగం తాత.

తాత మాట్లాడలేదు. చుట్ట ఆరిపోతే మళ్ళీ ముట్టించుకున్నాడు. మాట్లాడింది మా నాన్న. గోల్‌బజార్లో అమెరికా సిపాయిలు పిల్లలకి నమిలే గమ్ము పంచేవారు. నాన్న రెండుసార్లు తీసుకున్నాడు, ఒక కాగితం బడిపుస్తకంలో దాచుకున్నాడు కూడా. పదహారేళ్ళ కుర్రాడు ఉండబట్టలేక అడిగాడు.

"మావయ్యా, ఆ పడిపోయినోళ్ళలో మా గోల్‌బజార్‌కి వచ్చేవోళ్ళు ఉన్నారేటి?"

"అంతెత్తు నుంచి మొహాలేటి కనపడతాయి నాన్నా," అన్నాడట ఆయన. "గొడుగులే కనపడ్డాయి."